పెనుకొండ రోడ్డు పక్కన ఇస్తరాకు

హిందూపురం,
మంగళవారం

మరదలు ముత్యాలమ్మకు బావ బసవరాజు ఆశీర్వదించి రాయునది.

పైన కొట్టేసిన మరక ఏమిటని చూడకు. ఉత్తరం మొదట్లో చేయి అలవాటుగా ‘సౌభాగ్యవతి’ అని రాసేసింది. గుర్తొచ్చి కొట్టేశాను. తప్పుగా అనుకోవద్దు.

మన ఇంట్లో తమ్ముడి భార్య బావతో ముఖాముఖి మాట్లాడే ఆచారం లేదు. ఫోన్‌లో అయినా అంతే. ఇన్నేళ్లూ మనిద్దరి మధ్య మాటలు మోసినవాడు నాగేంద్ర. ఇప్పుడు వాడే పోయాడు కాబట్టి ఇకమీదట ఏదున్నా ఉత్తరంతోనే. మా సైకిల్ షాపు పక్కింటి అశోక్ రోజూ పొద్దున ధర్మవరం రైలెక్కి సాయంత్రం తిరిగొస్తాడు. ఉత్తరాలు అతని చేతికిద్దాం.

నిన్న పెనుకొండలో మన చేలో తమ్ముడి పెద్దదినం ఇంత బాగా జరుగుతుందని నేను అనుకోలేదు. పెద్దదినం బాగా జరగడమేమిటని ఇంట్లో మీ రాధక్క అంటోంది. జరిగింది కాబట్టే రాస్తున్నాను. నువ్వు ఆడవాళ్ల మధ్య మోటారు గది వెనక కూర్చున్నావు. ముందువైపు ఏం జరిగిందో నీకు సరిగా తెలిసి ఉండదు. పెద్దవాణ్ణి, చెప్పడం నా బాధ్యత.

సమాధి ముందు ఇస్తరాకు వేశాం. నువ్వు వండిన నాటుకోడి పులుసు, రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి, ఉడికించిన గుడ్లు, ఓళిగలు, వాడికిష్టమైన బ్రాందీ సీసా, బీడీల కట్ట, అన్నీ పెట్టి కాకి కోసం పక్కకు తప్పుకున్నాం. కాకి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. పక్కనే హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి గానీ ఆకు మీద వాలే దిక్కు లేదు. కాకి ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందనే కదా. ఒక్కొక్కరే పోయి ఆకు ముందు మాట ఇచ్చారు. పెద్దమ్మ ఏటా ఓళిగలు చేసి పెడతానంది. మీ వీధి ఈరన్న, నాగేంద్ర దగ్గర తీసుకుపోయిన నిచ్చెన తిరిగి తెచ్చిస్తానన్నాడు. ఊహూ. చివరికి అందరూ నా వైపు తిరిగారు. వీరభద్రయ్య మామ అయితే బయటికే అనేశాడు.

“ఏమప్పా బసవరాజూ, వాని మనసులో ఏముండాదో ఊరందరికీ తెలుసు. నీకొక్కనికే తెలీదా?”

ఇక తప్పలేదు. ధర్మవరం ఇల్లు కాగితాల్లో నా పేరు మీద ఉన్నా, అమ్మబోనని చెప్పాను. “నాగేంద్రా, నా మరదలు బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉంటాది. నీ మగ్గం గుంత నేను పూడ్చను. నా మాట నమ్మబ్బా” అన్నాను. అందరం మళ్లీ గది వెనక్కి పోయాం. అంతలో నువ్వు మరిచిపోయిన చెంబు తెచ్చుకుంటానని పోయి వచ్చి, గుండెలు బాదుకుని ఏడవడం మొదలుపెట్టావు. నిన్ను పట్టుకోవడంలోనే అందరికీ సరిపోయింది. ఆఖరికి పోయి చూస్తే ఆకు ఖాళీ.

ఖాళీ అంటే అలా ఇలా కాదు. ఎముకలు శుభ్రంగా చీకి ఓ పక్కన కుప్ప పోసి ఉన్నాయి. ఓళిగల నెయ్యి కూడా మిగల్లేదు. సీసా సగానికి దిగింది. అన్న మాట విని తమ్ముడు కడుపునిండా తిన్నాడని మామ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

ఇంటి గురించి బెంగ పెట్టుకోకు. కొంటానన్న ఆసామికి వద్దని చెప్పేశాను. మాటంటే మాటే.

ఇట్లు,
నీ బావ, బసవరాజు

తా.క.: ఒక్కటే అనుమానం. బీడీల కట్ట ముట్టలేదు. పోయాక మానేశాడేమో. మంచిదే.

ఇంకో తా.క.: తిన్నాక ఆకు మడిచి పెట్టాడు. బతికుండగా వాడికి ఆ అలవాటు ఎన్నడూ లేదు.


ధర్మవరం,
బుధవారం

పూజ్యులైన బావగారికి ముత్యాలమ్మ నమస్కరించి రాయునది.

ఇక్కడ క్షేమమని రాయాలి. చేయి రావడం లేదు. బతికి ఉన్నాను.

మీ ఉత్తరం అందింది. ధర్మవరంలో సగం మందికి దానికంటే ముందే సంగతి తెలుసు. నన్ను దిగబెట్టడానికి వచ్చిన వీరభద్రయ్య మామ రైలు దిగిన దగ్గర్నుంచి మా వీధి మొదలు దాకా కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. మా వీధికి చేరేసరికి కథలో కాకులు గుంపులు గుంపులు అయ్యాయి. అన్న అంటే బసవరాజే అని ఆడవాళ్లు నాతో వచ్చి చెబుతున్నారు. నేను తల ఊపుతున్నాను.

ఈ ఇల్లు మీరు పుట్టిన ఇల్లే. కానీ మీరు మగ్గం వదిలి చాలా కాలమైంది కాబట్టి రాస్తున్నాను. మంచం, బీరువా అయితే నెత్తిన పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. మగ్గం గుంత నేలలో ఉంటుంది. దాన్ని ఎత్తుకుపోలేం. అద్దె ఇళ్లవాళ్లు నేల తవ్వనివ్వరు. ఈ ఇల్లు పోతే నా చేతికి పని లేదు, పని లేకపోతే నోటికి కూడు లేదు. ఇందులో దాచడానికేమీ లేదు.

ఆయన సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. దాని మీదే కదా వాలిపోయాడు. నేనెప్పుడూ పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుట్టిచ్చేదాన్ని. నిన్న మొదటిసారి ఆయన చోట గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. కింద తొక్కే చెక్కలు నా కాళ్లకు అందలేదు. ఇటుక పెట్టుకున్నాను. ఆయన నేసిన చోటుకీ నేను మొదలుపెట్టిన చోటుకీ నేతలో తేడా కనబడుతోంది. చీర కొన్నవాళ్లకు కనబడకపోతే చాలు.

మీరు మాట నిలబెడతానన్నారు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ముత్యాలమ్మ

తా.క.: బీడీల సంగతి. డాక్టరు చెబితే మానలేదు, నేను ఏడిస్తే మానలేదు. మట్టిలో ఎవరు చెప్పి మాన్పించారో.

ఇంకో తా.క.: ఈరన్న నిచ్చెన తెచ్చి ఇచ్చేశాడు. ఆకు ముందు మాట ఇచ్చినవాళ్లలో ఇప్పటికి నిలబెట్టుకున్నది అతనొక్కడే. మిగతావాళ్లకు ఇంకా టైముంది లెండి.


హిందూపురం,
గురువారం పొద్దున

మరదలు ముత్యాలమ్మకు బసవరాజు ఆశీస్సులు.

మొన్నటి ఉత్తరం చించి పొయ్యిలో వెయ్యి. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం షాపు ముందు రెండు సైకిళ్లు ఆగాయి. ఇన్నేళ్ల నా సైకిల్ షాపు బతుకులో అలాంటివి చూడలేదు. వెనక చక్రానికి బిళ్లలు బిళ్లలుగా పళ్లచక్రాలు, రెండు పక్కలా సంచులు, సంచుల మీద ఆరబెట్టిన బనియన్లు. దిగింది ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఎండకు ముక్కుల మీద తోలు ఊడిపోయి ఉంది. నాగపూర్ నుంచి కన్యాకుమారి దాకా తొక్కుకుంటూ పోతున్నారట. ఎందుకని అడిగాను. ఊరికేనట. మొక్కు లేదు, పని లేదు, ఊరికే. ఇంట్లో చెప్పకుండా లేచొచ్చిన జంటేమో, పోలీసులు నా షాపు మీద పడతారేమో అని భయపడ్డాను. కాదట, అన్నదమ్ముల పిల్లలట. అబ్బాయి పేరు ఓంకార్, అమ్మాయి తేజల్. అబ్బాయి సైకిలుకు స్పోకులు తెగాయి.

తమ్ముడు తృప్తిగా పోయాడన్న సంతోషంలో ఉన్నాను కదా, ఇంట్లోకి పిలిచి భోజనం పెట్టించాను. మంచి తిండి పిల్లలు. రాధ రెండోసారి బియ్యం పెట్టింది. నాకొచ్చిన సంత హిందీతో మాట కలిపాను. మా వైపు జనం ఎలా ఉన్నారని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

ఇంత మంచి మనుషుల్ని ఎక్కడా చూడలేదన్నాడు ఓంకార్. సోమవారం పెనుకొండ దగ్గర, రోడ్డు పక్క చేలో, ఆకు పరిచి కోడికూర, గుడ్లు, తీపి రొట్టెలు, ఆఖరికి మందు కూడా పెట్టి ఉంచారట. తినేవాళ్లు మొహమాటపడతారని పెట్టినవాళ్లు గోడ వెనక దాక్కున్నారట. బీడీలు కూడా పెట్టారు గానీ మాకు అలవాటు లేదంకుల్ అన్నాడు.

నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏమేం తిన్నారో ఒక్కొక్కటే అడిగాను. వాడు వేళ్లు మడిచి మరీ చెప్పాడు. ఊరుబిండికి పేరు తెలియక రంగు చెప్పాడు. అమ్మాయి కోడి ముట్టదట, ఓళిగలూ గుడ్లూ తిన్నదట. ఆకు మడిచింది కూడా ఆ పిల్లే, వాళ్లమ్మ నేర్పిందట. ఇంకా ఏదో చెప్పబోయింది. వినే ఓపిక నాకు లేకపోయింది.

అర్థమైందా ముత్యాలమ్మా? కాకి ముట్టలేదు. తమ్ముడు తినలేదు. నేను వాడికిచ్చిన మాట నాగపూర్ పిల్లల పొట్టలోకి పోయింది. కాకి ముట్టని మాట మాట కాదు, ఇది నేను పెట్టిన ఆచారం కాదు. ఆదివారం పెనుకొండలో మామ ఇంట్లో పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నాను. పిల్లలిద్దరూ అక్కడ సాక్ష్యం చెబుతారు. అప్పటిదాకా నా ఇంట్లోనే ఉంచుకుంటాను. ఇల్లు కొంటానన్న ఆసామి ఎదురుచూస్తూనే ఉన్నాడు. వద్దని చెప్పేశానని రాశాను గానీ, చెబుదామనుకున్నాను, అంతే.

ఇట్లు,
బసవరాజు

తా.క.: తిన్నది దేని ముందు పెట్టిన కూడో పిల్లలకు చెప్పలేదు. చెబితే కక్కేస్తారు. సాక్ష్యం పాడవుతుంది.

ఇంకో తా.క.: అశోక్, ఈ ఉత్తరం నీకు రాసింది కాదు. పోయినసారి కవరు మీద వడ నూనె ఎలా అంటిందో నాకు తెలుసు.


ధర్మవరం,
శుక్రవారం

బావగారికి ముత్యాలమ్మ నమస్కారాలు.

మీరు అశోక్‌ను తిట్టి లాభం లేకపోయింది. తిట్టు ఆఖర్న ఉంది. అక్కడిదాకా చదివేలోపే అతని స్టేషను వచ్చేసింది. చదివింది సగమే. నాగేంద్ర ఆకు తిన్న పిల్లలు హిందూపురంలో దొరికారు, అన్న ఇంట్లోకి పిలిచి కొసరి కొసరి అన్నం పెడుతున్నాడు, అన్నంత వరకే. ఆ సగమే ప్లాట్‌ఫారం మీద చెప్పాడు. సాయంత్రానికి మా వీధిలో అది ఇంకో రకంగా తేలింది. కాకి ఒక్కటే ఎందుకు రావాలి, ఆకలితో పోయే మనిషి రాకూడదా, నాగేంద్ర ఆ పిల్లల రూపంలో వచ్చాడు, తిన్నాడు, అక్కణ్నుంచి నేరుగా అన్న గుమ్మానికే పోయాడు, అన్న గుర్తుపట్టాడు. ఇదీ వాళ్ల లెక్క. ఇందులో నేనన్నది ఏమీ లేదు. కాదనడానికి నోరు రాలేదు.

మిమ్మల్ని మెచ్చుకోని ఇల్లు లేదు. పెద్దమ్మ ఈ పొద్దుటి రైలుకే బయల్దేరింది. ఆమె వెనక ఇంకొందరు. గిన్నెలు కట్టుకుని వస్తున్నారు. వద్దని చెప్పాను. ఆయనకిష్టమైనవి వండుకుని పోతుంటే నేను అడ్డం పడటమేమిటని నన్నే కసిరారు.

మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిన రోజే ఒకతను టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. గోడలు కొలిచాడు. కొలుస్తూ కొలుస్తూ మగ్గం గుంత దగ్గర ఆగి, దీన్ని పూడ్చడానికి ఎన్ని బండ్ల మట్టి పడుతుందమ్మా అని నన్నే అడిగాడు. నేను గుంతలోనే కూర్చుని ఉన్నాను. నన్ను తీసి కొలవాలో, నాతో పాటు కొలవాలో తేల్చుకోలేక, మళ్లీ వస్తానని పోయాడు.

బావగారూ, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు మీరు మాట ఎవరికిచ్చారు? ఆకుకా, కాకికా, మీ తమ్ముడికా? కాకికైతే నేను మాట్లాడను.

పిల్లల్ని మాత్రం వదిలేయండి. అన్నం పెట్టి సాక్ష్యం అడిగితే అది అన్నం కాదు. వాళ్లు పోవలసిన దారి చాలా ఉంది.

ఇట్లు,
ముత్యాలమ్మ

తా.క.: పెనుకొండ చేను దగ్గర నిన్న ఇంకెవరో సైకిళ్ల మీద ఆగి, సమాధి చుట్టూ తిరిగి, గోడ వెనక తొంగి చూసి పోయారట. మీ దగ్గరున్న పిల్లలు ఫోన్‌లో అందరికీ ఆ చోటు చెప్పినట్టున్నారు. దారి పొడవునా ఇంత మంచి భోజనం ఇంకెక్కడా లేదని.


హిందూపురం,
శనివారం పొద్దున

ముత్యాలమ్మకు ఆశీస్సులు. కోపంగా ఉన్నా పెద్దవాణ్ణి, ఇవ్వక తప్పదు.

నా ఇల్లు ఇల్లులా లేదు. నిన్న పొద్దుటి రైలుకు దిగినవాళ్లు సాయంత్రం రైలుకు పోలేదు. పెద్దమ్మ పులుసు గిన్నె చంకన పెట్టుకుని దిగింది. అరుగు మీద కూర్చున్న ఓంకార్ గడ్డం పట్టుకుని ఏడుపు అందుకుంది.

“ఏం నాయనా నాగేంద్రా, ఇట్ల చిక్కిపోతివే. ఆడ నీకు అన్నం పెట్టేవాళ్లు లేరా?”

వాడికి తెలుగు ముక్క రాదు. ముసలివాళ్లు ఏడిస్తే కాళ్లకు మొక్కాలని మాత్రం తెలుసు. మొక్కాడు. ఇంకేముంది, అచ్చం నాగేంద్రేనని అందరూ తలలూపారు. నాగేంద్ర బతికుండగా ఎవరి కాళ్లకూ మొక్కిన పాపాన పోలేదని నేను అరిచి చెప్పినా వినేవాడు లేడు. గాండ్లపెంట నుంచి వచ్చిన నల్లమ్మ, తప్పిపోయిన తన గొర్రె ఎటు పోయిందో చెప్పమని చేతులు తిప్పుతూ అడిగింది. మీరు ఎటు పోతున్నారని అడుగుతోందనుకుని వాడు దక్షిణం వైపు చూపించాడు. నల్లమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. గొర్రె అటువైపే దొరికింది. అప్పట్నుంచి నా షాపు ముందు వరస తగ్గలేదు. సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు కూడా వరసలో నిలబడుతున్నాడు.

పిల్లలు తినలేక తింటున్నారు. వద్దంటే పెద్దమ్మ ఏడుస్తుంది. ఆ అమ్మాయి నిన్న కళ్లనీళ్లు తిరుగుతుంటే, అంకుల్, మీ ప్రేమ చాలు, మేం వెళ్లిపోతాం అంది. వెళ్లనిస్తే రేపు సాక్ష్యం ఎవరు చెబుతారు? ఓంకార్ సైకిలు వెనక చక్రం విప్పి బీరువా చాటున పెట్టాను. బాగు చేస్తున్నానని చెప్పాను. నా జన్మలో ఒక చక్రాన్ని ఇంత నెమ్మదిగా బాగు చేయలేదు.

నీ ప్రశ్నకు జవాబు. మాట తమ్ముడికే ఇచ్చాను. కానీ వాడు పుచ్చుకున్నట్టు రుజువేది? పుచ్చుకోనివాడికి ఇచ్చిన మాట ఇచ్చినవాడి దగ్గరే ఉంటుంది. అసలు ఆ రోడ్డు వెడల్పు చేసి చెట్లు కొట్టేశాక అక్కడ కాకి అన్నదే లేదు. కాకి ఎలాగూ రాదని తెలిసే మీరంతా నా చేత మాట అనిపించారు.

రేపు పంచాయతీ, సోమవారం రిజిస్ట్రేషను. నిన్ను రోడ్డు మీద వదిలేసేవాణ్ణి కాదు. షాపు వెనక పాత టైర్లు పెట్టే గది ఖాళీ చేయిస్తాను. రాధకు చేయి సాయంగా ఉండు. ఈ రోజుల్లో చేతి మగ్గం మీద బతికేదెవరు? మగ్గం చెక్క మంచిదే, పొయ్యిలోకి పనికొస్తుంది.

ఇట్లు,
బసవరాజు

తా.క.: రాధ ఆ అబ్బాయికి మరిదికి వడ్డించినట్టు వడ్డిస్తోంది. మరిది బతికుండగా వస్తే ఇలా పెట్టావా అన్నాను. మీరు పెట్టనిచ్చారా అంది. ఆడవాళ్లకు అక్కర్లేని సంగతులు బాగా గుర్తుంటాయి.


ధర్మవరం,
శనివారం సాయంత్రం

బావగారికి ముత్యాలమ్మ నమస్కారాలు.

ఈ కవరును చుట్టూ పట్టుదారంతో కుట్టి అశోక్‌కు ఇచ్చాను. కుట్టు తెగి ఉంటే మీకు తెలుస్తుంది. ఇది మీరొక్కరే చదవాలి. రాధక్కకు చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఏం తిన్నారని పిల్లల్ని ఒక్కొక్కటే అడిగారు. ఎవరు తినమన్నారని అడగలేదు. నేను తినమన్నాను.

మీరు మాట ఇచ్చి అందరితో పాటు గోడ వెనక్కి వచ్చారు. నేను చెంబు కోసం తిరిగి పోయాను. అప్పుడు కాకి వచ్చింది. అక్కడ కాకులే లేవని మీరంటున్నారు. వచ్చింది, నా కళ్లతో చూశాను. సమాధి రాయి మీద వాలింది. దిగి ఆకు దాకా నడిచింది. నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. కోడి ముక్క దాకా తల వంచింది, మళ్లీ ఎత్తింది. మీరున్న గోడ వైపు చూసింది. ఆకు చుట్టూ తిరిగింది. ఒక్క మెతుకు ముట్టలేదు. రాయికి ముక్కు రుద్దుకుని ఎగిరిపోయింది.

మీ తమ్ముడు మీ మాట విన్నాడు బావగారూ. విని నమ్మలేదు.

ఆయన చివరిసారి మీ దగ్గరికి వచ్చింది ఇల్లు అమ్మొద్దని అడగడానికే. పొద్దుటి రైలుకు వచ్చినవాడు సాయంత్రం రైలు దాకా మీ షాపు బయట స్టూలు మీద కూర్చున్నాడు. లోపల మీరు భోంచేసి చేయి కడుక్కున్న చప్పుడు కూడా వినబడిందట. ఆ పొద్దు ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, నాతో అన్న మాట ఇది.

“ముత్యాలూ, రేపు మా అన్న మాట ఇచ్చినా నేను నమ్మనే. చచ్చినాక ఇచ్చినా నమ్మను.”

ఆ వారంలోనే మగ్గం మీదికి వాలిపోయాడు.

కాకి తిరిగిపోయిందని ఆ రోజే గోడ వెనకకొచ్చి చెప్పి ఉంటే ఏమయ్యేది? చచ్చినవాడు కూడా చీ కొట్టిన అన్న అని మీ పేరు మూడూళ్లలో మోగేది. మీరు రోషానికి పోయి ఇల్లు అమ్మేసేవాళ్లు. ఏం చేయాలో తోచక ఆకు ముందు నిలబడ్డాను. రోడ్డు మోరీ గట్టు మీద ఈ పిల్లలిద్దరూ కూర్చుని ఉన్నారు. సీసాల్లో నీళ్లు కూడా అయిపోయినట్టున్నాయి. ఆకు వైపే చూస్తున్నారు. ఆకలితో గుమ్మం ముందు నుంచి పోయేవాళ్లను ఆయన ఎప్పుడూ ఊరికే పోనివ్వలేదు. చేయి ఊపి పిలిచాను. జంకితే, నోటి దగ్గర చేయి పెట్టి మళ్లీ చూపించాను. తర్వాత గోడ వెనక్కి వచ్చి గుండెలు బాదుకున్నాను. వాళ్లు తినేదాకా మిమ్మల్నెవర్నీ కదలనివ్వకూడదు. మొదట కావాలనే ఏడ్చాను. మధ్యలో ఎక్కడో నిజంగానే వచ్చేసింది.

ఆయన కాదన్నదాన్ని నేను దాచాను. ఆయన మొదలుపెట్టిన చీర ముందు కూర్చుని ఆయన మాటనే దాచాను. మీరు మాట మీద నిలబడితే ఆయనే తప్పనుకున్నాడని తేలుతుందని ఆశ. ఆయన తప్పని తేలాలని నాకెంతగా ఉండిందో మీకు తెలియదు. అన్నను అనవసరంగా అనుమానించాడే అని ఆయన్ను తిట్టుకుంటూ ఆ మగ్గం మీద మిగిలిన బతుకు నేసుకుందామనుకున్నాను. మీరు నన్ను ఆ మాత్రం కూడా తిట్టుకోనివ్వడం లేదు.

రేపు పంచాయతీకి వస్తాను. పిల్లల్ని నిలబెట్టి, కాకి ముట్టలేదని చెప్పించండి. నిజమే, ముట్టలేదని నేనూ చెబుతాను. ఎందుకు ముట్టలేదో కూడా చెబుతాను. పెళ్లయి ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి మీ ఎదుట నోరు విప్పినదాన్ని కాదు. రేపు విప్పుతాను. పంచాయతీయే లేకపోతే నాకు నోరు విప్పే పని లేదు. ఊరు ఏమనుకుంటోందో అదే అనుకుంటూ ఉంటుంది, మిమ్మల్ని మెచ్చుకుంటూ ఉంటుంది. అందులో అబద్ధం నాది, మెప్పు మీది. నాకు ఇబ్బంది లేదు.

మీకు ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, ఆకలితో వచ్చినవాణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టి వడ్డించడం మీకు చేతనవునని ఈ పిల్లల వల్ల తెలిసింది. నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకూ తెలియకుండానే పోయాడు.

ఆ చక్రం బిగించి వాళ్లను పంపించేయండి. దారికి అన్నం కట్టివ్వండి. సంగటి వద్దు, ఎండకు పులుస్తుంది. చిత్రాన్నం అయితే సాయంత్రం దాకా ఉంటుంది. తిన్నది దేని ముందు పెట్టిన కూడో ఎప్పటికీ చెప్పకండి. వాళ్లకు అది మన వైపు మర్యాదగానే ఉండనివ్వండి.

ఇట్లు,
ముత్యాలమ్మ

తా.క.: సంవత్సరీకానికి వంట నేను చేసి తెస్తాను. ఆకు మీరే వేయండి. ఆ రోజు రోడ్డున పోయే పిల్లలెవర్నీ నేను పిలవను.